రాష్ట్రపతి ఎన్నికలో మా తరఫున ఓటు వేసే మీకు ఒక కోయ టీచర్ బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు, ముఖ్యంగా గిరిజన సలహా మండలిలో కూర్చునే మా ఎస్టీ ఎమ్మెల్యేలకు,

నమస్కారం.

నేను ములుగు ఏజెన్సీలో పుట్టిన కోయ ఆడబిడ్డను. ఆశ్రమ పాఠశాలలో చదువుకొని, గూడేల బడుల్లో చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పి రిటైరయ్యాను. ఈ లేఖలోని సంగతులు చాలావరకు మేం ఇదివరకే వినతిపత్రాలుగా రాసి ఇచ్చినవే. ప్రజావాణిలో ఇచ్చాం, మీటింగులకు వచ్చిన నాయకుల చేతుల్లో పెట్టాం. రసీదులు మా దగ్గర ఉన్నాయి, జవాబులు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

రాష్ట్రపతిని ఎన్నుకునేది మేం కాదు, మీరు. 2022 జులై 18న జరిగిన ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఒక్కో ఓటుకు విలువ 132, ఎంపీ ఓటుకు 700. ఆ 132 ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియంది కాదు. 1971 జనాభా లెక్కల్లో ఈ ప్రాంతంలో ఉన్న 1 కోటి 57 లక్షల మందిని 119 నియోజకవర్గాలతో, ఆ పైన వెయ్యితో భాగిస్తే వచ్చిన అంకె అది. ఆ లెక్కలో మా అమ్మానాన్నలు ఉన్నారు, చిన్నపిల్లగా నేనూ ఉన్నాను. మీరు వేసే ఓటు మా తలలు లెక్కబెట్టి కట్టిన ఓటు. దాని గురించి మిమ్మల్ని అడిగే హక్కు మాకు అక్కడి నుంచే వచ్చింది.

ఆ ఎన్నికలో ద్రౌపది ముర్ము గారికి 6,76,803 ఓట్ల విలువ వచ్చింది, అంటే 64 శాతం. యశ్వంత్ సిన్హా గారికి 3,80,177. మన రాష్ట్రం నుంచి ఎక్కువ ఓట్లు సిన్హా గారికే పడ్డాయి. ఏ పార్టీ ఎవరికి ఎందుకు మద్దతిచ్చిందో ఇప్పుడు తవ్వడం నా ఉద్దేశం కాదు. ఆమెకు ఓటేసిన వాళ్లకూ, వెయ్యని వాళ్లకూ, 2022లో ఇంకా ఎమ్మెల్యేలు కాని వాళ్లకూ కలిపే రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం గుర్తుచేస్తాను. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ విప్ ఉండదు, బ్యాలెట్ రహస్యం. అంటే అది మీ మనస్సాక్షికి వదిలిన ఓటు. 2027 జులైలో మళ్లీ వస్తుంది.

ఆ గెలుపు మాకు ఏమిటో చెప్పకుండా డిమాండ్లలోకి వెళ్తే ఈ లేఖకు అర్థం ఉండదు. 2012లో పి.ఎ. సంగ్మా గారు ఆదివాసీ రాష్ట్రపతి కావాలంటూ నిలబడి ఓడిపోయారు. అప్పుడు మా గూడేల్లో ఆ సంగతి చాలామందికి తెలియనే తెలియదు. 2022 నాటికి చేతుల్లో ఫోన్లు వచ్చాయి. జులై 25న ప్రమాణ స్వీకారం అప్పుడు మా వైపు పత్తి చేలల్లో కలుపు తీస్తున్నారు. గట్టు మీద ఒకే ఫోన్ చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు చేరారు. తెల్లచీర, ఎరుపూ ఆకుపచ్చా అంచు. మన తెలుగువారైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు ప్రమాణం చేయించారు. ఆమె మైకు ముందుకొచ్చి మొదట 'జోహార్' అన్నారు. ప్రసంగం హిందీలో సాగింది, సగం మందికి అర్థం కాలేదు. అయినా ఎవరూ లేవలేదు. 'మనోళ్లే గెలిచిన్రా?' అని ఒక పెద్దమ్మ మూడోసారి అడిగి రూఢి చేసుకుంది.

మా ఊళ్లలో చదువుకున్న ఆడపిల్ల అంటే నర్సో, అంగన్‌వాడీ టీచరో, మహా అయితే నాలాగా ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్. ముర్ము గారూ అక్కడి నుంచే మొదలయ్యారు. ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల, నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంట్, తర్వాత రాయరంగ్‌పూర్‌లో టీచర్, 1997లో కౌన్సిలర్. ఈ మెట్లన్నీ మా పిల్లలకు తెలిసిన మెట్లే. ఆఖరి మెట్టే ఎవరికీ తెలియదు. ఆ వారం హాస్టల్ పిల్లలతో మాట్లాడినప్పుడు పెద్దయ్యాక ఏమవుతావంటే ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి 'కలెక్టర్' అంది. అదే అమ్మాయి అంతకుముందు అడిగినప్పుడల్లా తలదించుకునేది. నా మట్టుకు ఆ ఎన్నిక ఫలితం అదే.

అదే ఏడాది డిసెంబర్ 28న రాష్ట్రపతి రామప్పకు వచ్చారు. వరంగల్ మనుషులుగా మీరు దాని లోతు గ్రహించాలి. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మీదికి వస్తే ఎదురు నిలిచి పోరాడిన తల్లీబిడ్డలుగా సమ్మక్క సారలమ్మలను కొలుచుకునే జాతి మాది. ఆ కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. ఆ గుడి ముందు దేశాధినేతగా ఒక ఆదివాసీ స్త్రీ నిలబడింది. నేను చదివిన, చెప్పిన చరిత్ర పాఠాల్లో ఇంతకన్నా పెద్ద మలుపు నాకు కనబడలేదు.

ఇక రెండో వైపు. ఆమె పేరు అభ్యర్థిగా ప్రకటించిన రోజుల్లో దేశమంతా ఒక వార్త చదివింది. ఆమె పుట్టిన ఉపర్‌బేడాలోనే డుంగురీసాహి అనే వాడకు అప్పటిదాకా కరెంటు లేదు. పేరు ప్రకటించాక హుటాహుటిన స్తంభాలు పాతారు, వైర్లు లాగారు. ఆ వాడ మనుషుల కోసం సంతోషించాను. కానీ ఆ పని అన్నేళ్లు ఎందుకు ఆగింది? స్తంభాలు లేక కాదు, డబ్బు లేక కాదు, తెలివి లేక కాదు. అడిగేవాళ్ల మాటకు విలువ లేక. ఒక వాడకు బల్బు వెలగాలంటే ఆ ఊరి ఆడబిడ్డ రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లాల్సి వస్తే, ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ అడవుల్లోని గూడేలు ఎవరిని ఎక్కడికి పంపాలి?

రాష్ట్రపతి పదవి ఉత్తి అలంకారమని, ఆమె చేతిలో ఏమీ లేదని చదువుకున్న వాళ్లే నాతో అన్నారు. నేను ఒప్పుకోను. జార్ఖండ్ గవర్నర్‌గా ఉన్నప్పుడు, ఆదివాసీ భూములకు రక్షణగా ఉన్న ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణాల కౌలు చట్టాలను సడలించే బిల్లులు ఆమె ముందుకొచ్చాయి. వాటిని 2017లో వెనక్కి పంపారు. తనను నియమించిన పార్టీ ప్రభుత్వమే అక్కడ ఉండగా పంపారు. 2022 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవం నాడు, జడ్జీలంతా కూర్చున్న సభలో రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి, చిన్న చిన్న కేసుల్లో జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి మాట్లాడారు. మూడు రోజులకే సుప్రీంకోర్టు, బెయిల్ వచ్చినా బయటికి రాలేని ఖైదీల వివరాలు ఇవ్వాలని జైలు అధికారులను ఆదేశించింది. మాట చెల్లుతుంది. పై దాకా చేరవేసేవాళ్లు కావాలి, అంతే.

రాజ్యాంగం ఆ చేరవేసే దారులు వేసే ఉంచింది. ఐదో షెడ్యూలు తీసి చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతాల, అంటే మా ఏజెన్సీల పరిపాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. గవర్నర్ ఈ ప్రాంతాల కోసం రెగ్యులేషన్లు, అంటే ప్రత్యేక చట్టాలు చేయవచ్చు, అవి రాష్ట్రపతి ఆమోదంతోనే అమల్లోకి వస్తాయి. గిరిజనేతరుల పేరు మీదికి మా భూములు మారకుండా కాపాడుతున్న 1/70 రెగ్యులేషన్ అలా పుట్టిందే. అలాంటి రెగ్యులేషన్ చేసే ముందు గిరిజన సలహా మండలిని అడగాలి. ఆ మండలిలో గరిష్ఠంగా 20 మంది సభ్యులు, అందులో నాలుగింట మూడు వంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. రాష్ట్రంలో 12 ఎస్టీ అసెంబ్లీ స్థానాలుంటే ములుగు, మహబూబాబాద్, డోర్నకల్, ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ మన వైపువే. అంటే గూడెం నుంచి రాష్ట్రపతి దాకా పోయే దారి మీ కుర్చీల దగ్గరే మొదలవుతుంది.

ఆ దారి మీద నడవమని అడుగుతూ ఈ డిమాండ్లు పెడుతున్నాను.

1. గవర్నర్ నివేదికను బయట పెట్టించండి. మా బతుకు మీద ఏటా రాష్ట్రపతికి వెళ్లాల్సిన కాగితంలో ఏం రాశారో మా గూడెంలో ఎవరూ చూడలేదు. దాన్ని అసెంబ్లీలో పెట్టండి, తెలుగులో అచ్చు వేసి ప్రతి గ్రామసభలో చదివించండి. రాసే ముందు గ్రామసభల తీర్మానాలు తెప్పించండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు.

2. పోడు, అంటే అడవిలో మేం సాగు చేసుకుంటున్న భూములు. ఇక్కడ కొంచెం ఎక్కువ రాయక తప్పదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి, 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. వచ్చినవాళ్ల ఇళ్లలో పండగ జరిగింది, అది కాదనను. రానివాళ్ల సంగతే నా బాధ. మా పక్కింటి పెద్దమ్మ తన కాగితాలన్నీ యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరులో మడిచి దూలానికి కట్టుకుంది. దరఖాస్తు నకలు, సర్వే రోజు చేనులో నిలబెట్టి తీసిన ఫొటో, ఎడ్లతో దున్నుతున్న భర్త పాత ఫొటో, పంచాయతీ సంతకం పెట్టిన వాంగ్మూలం. వాన కురిసిన ప్రతిసారీ విప్పి, తడిసిందేమో చూసి మళ్లీ కడుతుంది. ఆమె దరఖాస్తు ఏమైందో ఇంతవరకు చెప్పినవాళ్లు లేరు. ఒప్పుకోలేదని రాతపూర్వకంగా ఇస్తే ఆమె 60 రోజుల్లో పై కమిటీకి పోవచ్చు. ఆ కాగితమే రాకపోతే అప్పీలు దేని మీద చేస్తుంది?

పట్టా లేకపోతే నష్టం ఒక్క భూమితో ఆగదు. రైతు పెట్టుబడి సాయం రాదు, బ్యాంకు అప్పు పుట్టదు, రైతు చనిపోతే బీమా లేదు. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రంలో పత్తి అమ్మాలంటే పాస్‌బుక్ అడుగుతారు, కాబట్టి దళారి చెప్పిన ధరకే ఇవ్వాలి. ప్రతి జూన్‌లో విత్తనం వేసే రోజున, అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వస్తాడేమోనన్న టెన్షన్. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని అందులోనే ఉంది. మేం అడిగేవి ఇవి: పెండింగ్ దరఖాస్తుల జాబితా గ్రామాలవారీగా పంచాయతీ దగ్గర అతికించాలి. తిరస్కరించినవాటికి కారణం రాసి ఇవ్వాలి. చట్టం చెప్పినట్టు పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. తేలేదాకా చేనులో కందకాలు తవ్వడం, మొక్కలు నాటడం ఆపాలి.

3. మా బడులకు మా భాష వచ్చిన టీచర్లు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం చెల్లదని చెప్పింది. తీర్పును గౌరవిస్తాను. కానీ అక్కడితో చేతులు దులుపుకోవడాన్ని ఒప్పుకోలేను. ఒకటో తరగతిలో చేరిన కోయ పిల్లకు తెలుగు రాదు. బయటికి వెళ్లాలని అడిగే మాట రాక కూర్చున్నచోటే తడుపుకున్న పిల్లలను నేను చూశాను. అలాంటి పిల్ల రెండో రోజు బడికి రాదు. రిజిస్టర్‌లో 'డ్రాపౌట్' అని రాస్తాం. మైదానం నుంచి వచ్చే టీచర్లు చెడ్డవాళ్లు కారు, నాతో పనిచేసినవాళ్లలో ప్రాణం పెట్టి చెప్పినవాళ్లున్నారు. కానీ వాగు దాటి రావాలి, భాష రాదు, కుటుంబం పట్నంలో. బదిలీ కోసం ఎదురుచూస్తారు. కోర్టు ముందు నిలబడేలా, తగిన శాతంతో, కోయ, గోండి, కొలామీ వచ్చిన స్థానికులకు ప్రాధాన్యమిచ్చే రెగ్యులేషన్ ముసాయిదాను గిరిజన సలహా మండలిలో చర్చకు పెట్టండి. గవర్నర్ ద్వారా రాష్ట్రపతికి పంపించండి. పల్లెటూరి టీచరుగా పనిచేసిన రాష్ట్రపతికి దాని అవసరం విడమరిచి చెప్పే పని ఉండదు.

4. వాగులు, దారులు. 2023 జులై చివర్లో జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిలో ఎనిమిది మంది చనిపోయారు. ఆ వాన అసాధారణమైనదే. కానీ మామూలు వానకు కూడా మా గూడేలు రోజుల తరబడి తెగిపోతాయి. నొప్పులు పడుతున్న గర్భిణిని మంచం మీద మోసి వాగు దాటించడం మీరు పేపర్లో ఏటా చూస్తున్న ఫొటోనే. రోడ్డు అడిగితే అటవీ అనుమతి లేదంటారు. బడి, ఆసుపత్రి, రోడ్డు, తాగునీరు వంటి పనులకు గ్రామసభ సిఫార్సు చేస్తే ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చని అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చెబుతోంది. చెట్లు కొట్టాల్సి వచ్చినా హెక్టారుకు 75 మించకూడదు. చట్టం ఇంత వీలు ఇచ్చినప్పుడు అనుమతి పేరుతో ఆగిన దారులెన్నో మీ నియోజకవర్గాల వారీగా చెప్పండి. వానాకాలం రాకముందే ప్రసవం దగ్గరపడిన వాళ్లను వాగు ఇవతలికి తెచ్చి ఉంచే ఏర్పాటు చేయించండి.

5. భాష. రాష్ట్రపతి మాతృభాష సంతాలీ 2003లో 92వ రాజ్యాంగ సవరణతో, రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్లో చేరింది. గోండి మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లో 29 లక్షల పైచిలుకు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి యూనికోడ్‌లోనూ చోటు వచ్చింది. కంప్యూటర్ ఒప్పుకున్న భాషను రాజ్యాంగం ఇంకా ఒప్పుకోలేదు. ఇది ఎంపీల పని. ఆదిలాబాద్, మహబూబాబాద్ ఎంపీలు ఏ పార్టీ వారైనా సరే, కలిసి పార్లమెంటులో అడగండి.

6. ములుగు గిరిజన విశ్వవిద్యాలయం. 2014 పునర్విభజన చట్టంలో ఇచ్చిన మాటకు పార్లమెంటు చట్టం 2023 డిసెంబర్‌లో వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఇంటర్ పాసైన మా పిల్లలు చాలామంది హైదరాబాద్‌లో వాచ్‌మెన్లుగా, డెలివరీ బాయ్‌లుగా తేలారు. ఇప్పుడైనా సొంత భవనాలు, పూర్తి స్థాయి అధ్యాపకులు, ఏజెన్సీ పిల్లలు తట్టుకొని నిలబడేందుకు ముందుగా ఒక ఏడాది శిక్షణ కోర్సు, వీటికి తేదీలు చెప్పించండి. సమ్మక్క సారక్క పేరు పెట్టిన చోట ఆ తల్లుల పిల్లలకే సీటు దొరక్కపోతే ఆ పేరు దేనికి?

7. జైళ్లు, కేసులు. రాష్ట్రపతి 2022 నవంబర్‌లో మాట్లాడింది మా లాంటి వాళ్ల గురించే. పోడు కేసుల్లో ఇరుక్కొని కోర్టు వాయిదాలకు బస్సు చార్జీలు అప్పు చేసి పోతున్నవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. బెయిల్ వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు దొరకరు. మీ జిల్లాల్లో పోడు కేసులున్న ఆదివాసీల జాబితా తెప్పించి, పట్టా వచ్చిన భూమి మీద ఉన్న పాత కేసులైనా ఎత్తివేయించండి.

8. గొత్తికోయలు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మా అడవుల్లో ఉంటున్న వీళ్లను ఇక్కడ ఎస్టీలుగా గుర్తించరు. ఈ మాట రాస్తే మావాళ్లలోనే కొందరికి నచ్చదని తెలుసు. అయినా రాస్తాను. పెద్దవాళ్ల హక్కులు ఎప్పుడు తేలినా సరే, పిల్లలకు బడి, టీకా, తాగునీరు ఈరోజే కావాలి.

2027 జులై 24తో ముర్ము గారి అయిదేళ్ల పదవీకాలం ముగుస్తుంది. ఆలోగా గవర్నర్ నివేదికలో, రెగ్యులేషన్ ముసాయిదాలో మా మాట ఆమె బల్ల మీదికి చేరాలన్నది మా కోరిక. ఆమె తర్వాత వచ్చేవారు ఎవరైనా ఇవే కాగితాలు వారి ముందుకూ వెళ్లాలి.

ఈ ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి జెండా ఎగరేయడానికి మీలో చాలామంది మా ఊళ్లకు వస్తారు. ఆ రోజు పై ఎనిమిది అంశాల్లో మీ నియోజకవర్గంలో ఏది చేశారో, ఏది ఏ నెలకు చేస్తారో రాసుకొచ్చి గ్రామసభలో చదవండి. సంతకం పెట్టిన కాపీ ఒకటి గ్రామపంచాయతీ కార్యాలయంలో ఇచ్చి వెళ్లండి.

ఇట్లు,
ములుగు ఏజెన్సీ నుంచి ఒక రిటైర్డ్ టీచర్